మూడు చుట్లు

శంషాబాద్ నుంచి గన్నవరానికి
గాల్లో గీత గీస్తే రెండొందల అరవై చిల్లర కిలోమీటర్లంట,
యాభై ఐదు నిమిషాలంట.
వెనక సీట్లో ఎలీసమ్మ టీచరుగారు
ఫోన్లో ఉన్నది ఉన్నట్టు చదివి
లెక్కల పేపరు దిద్దబోయేదానిలా కళ్ళజోడు సర్దుకుంది.

గుంటూరు మంగళదాస్ నగర్ నుంచి మనకూ
యాభై ఐదు కిలోమీటర్లే మేడమ్, అన్నాను.
నిమిషాల్లో చెప్పడం నాకు రాదు.
కాజ టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ పలికితే ఒక లెక్క,
పలక్కపోతే ఇంకో లెక్క.
వారధి మీద లారీ ఆగిపోయిన రోజున
కృష్ణ ఎంత వెడల్పో తెలుస్తుంది.
విమానం నేనెప్పుడూ ఎక్కలేదు.
ఎక్కేవాళ్ళని దింపుతాను,
దిగేవాళ్ళని ఎక్కించుకుంటాను.

తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరాం.
జనవరి. మంగళగిరిలో కొండ లేదు.
కొండ లేకుండా మంగళగిరి దాటడం
పదహారేళ్ళ స్టీరింగులో అదే మొదలు.
నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి,
బోర్డులు మీది మీదికొచ్చి
పేరు చెప్పి పోయాయి.

ఆమె ఒళ్ళో ఫ్లాస్కు.
చెల్లెలు సలోమికి అల్లం టీ.
"దానికి చక్కెర ఎంతో మర్చిపోయా నాగుల్ మీరా,
రెండు చెంచాలేశాను."
పదకొండేళ్ళంట, మాటల్లేక.
పెద్ద విషయమేం కాదు,
వాళ్ళమ్మ కాళ్ళతో తొక్కిన కుట్టుమిషను ఎవరిదని.
ఇప్పుడది ఎవరింట్లోనూ లేదు,
పాత ఇనుము వాడు తూకానికి పట్టుకుపోయాడు.

ఏడూ పదికి రావాలి.
ఏడింటికే చప్పుడొచ్చింది.
పార్కింగులో డ్రైవర్లందరం తలలెత్తాం.
అంతా తెలుపు, ఇంకేం లేదు.
తెల్లదుప్పటి అవతల ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు
ఆ మోత ఉంగుటూరు వైపు పోయి
మళ్ళీ నెత్తిమీదికొచ్చింది.
ఒకటి, అంది టీచరుగారు.

చలికి వణుకుతున్నా
శాలువా చెవుల మీదికి లాక్కోలేదు.
రెండు.

మూడోసారి బాగా కిందికి దిగింది.
నా కారు అద్దాలు గలగలమన్నాయి.
ఆమె ఫ్లాస్కు బానెట్ మీద పెట్టి
చెయ్యి పైకెత్తింది.
ఊపలేదు,
స్టాపు లేనిచోట బస్సు ఆపడానికి ఎత్తుతామే, అలా.

చప్పుడు సన్నబడింది.
పడమటికి పోయింది.
తెర మీద ఆ విమానం నంబరు పక్కన
ఎర్ర అక్షరాలు పడ్డాయి.
వెనక్కి మళ్ళించారు.

ఎంత దూరం వచ్చినట్టు ఆ సలోమమ్మ?
రాను యాభై ఐదు, పోను యాభై ఐదు,
మధ్యలో మూడు చుట్లు.
దిగింది మాత్రం ఎక్కిన చోటే.
నా బండిలోనైతే
ఆ కిరాయి ఎట్లా కట్టాలో నాకే తెలియదు.
రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఎవరైనా చెబుతారు.
ఆమె చేతికీ ఆ చప్పుడుకీ మధ్య ఎంతో
ఉజ్జాయింపుగా చెప్పమంటే
మా వీధి మసీదు మినారుకి నాలుగింతలు,
అంతే.

తొమ్మిదింటికి ఫోను మోగింది.
స్పీకరు ఆన్‌లో ఉన్న సంగతి ఆమె చూసుకోలేదు.
చాలాసేపు అటూ ఇటూ ఊపిర్లే.
నేను తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాను.

"అక్కా... నీ మీదుగానే వచ్చి పోయానంట."
"విన్నాన్లేవే. మూడుసార్లు."

మళ్ళీ ఊపిర్లు.

"చక్కెర ఎన్ని చెంచాలే నీకు?"
"మానేశానక్కా. షుగరు."

తిరుగుదారిలో మంచు విడిచింది.
మంగళగిరి కొండ ఎక్కడికీ పోనట్టు
దాని చోట అది ఉంది.
రెండు చెంచాల టీ కాజ దగ్గర నేనే తాగాను,
చల్లారలేదు ఇంకా.
ఖాళీగా తిరిగొచ్చాం కదా మేడమ్,
రెండొందలు తగ్గించి ఇవ్వండి అంటే
ఒప్పుకోలేదు.
"వచ్చే గురువారం బండి ఉంటుందా?" అంది,
"ఇదే టైముకి.
ఈసారి చక్కెర లేకుండా తెస్తాను."